జాబితాకెక్కిన పేరు – జవాబు చెప్పుకునే హక్కు

శాశ్వత శీర్షిక: చట్టం – మనం

'చార్జిషీటు' అన్న మాట మన కాలనీలలో చిన్నపిల్లలకు సైతం పరిచితమే. అది చేతికందిన నాడు ఆ ఇంట అన్నం సయించదు. అయితే ఆ కాగితంలో ఉద్యోగికి ఒక రక్షణ కూడా ఇమిడి ఉన్నదన్న సంగతిని మనం అంతగా గమనించము. ఫలానా తేదీన, ఫలానా స్థలంలో, ఫలానా నియమాన్ని అతిక్రమించినట్లు మీపై ఆరోపణ వచ్చినది, దీనికి మీ సంజాయిషీ ఏమిటని యాజమాన్యం అడుగుతుంది. గడువు ఇస్తుంది. సంజాయిషీ తృప్తికరంగా లేనిచో విచారణాధికారిని నియమిస్తుంది. ఆ విచారణలో తోటి ఉద్యోగిని సహాయకునిగా తెచ్చుకోవచ్చు, పత్రాలు పరిశీలించవచ్చు, సాక్షులను ప్రశ్నించవచ్చు. ఒక ఉద్యోగిని కొలువు నుండి తొలగించాలంటే ఇంత ప్రక్రియ నడవవలసిందే.

అంతటితో ఆగలేదు. విచారణాధికారి సమర్పించిన నివేదిక ప్రతిని ఉద్యోగికి అందజేసి, దానిపై అతడు చెప్పుకోదలచినది విన్న తరువాతనే యాజమాన్యం ఒక నిర్ణయానికి రావాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993 అక్టోబరు 1న తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్.కు సంబంధించినది కావడం విశేషం. నివేదిక ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉద్యోగం దానంతట అది తిరిగి రాదని, ఇవ్వనందువల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగినదా అన్నది కూడా చూడాలని అదే తీర్పు హెచ్చరించింది. అనగా న్యాయస్థానం చూసినది ఉద్యోగి పక్షమో, యాజమాన్యం పక్షమో కాదు. నింద మోపినవారు దాని ఆధారం చూపారా, నింద పడినవాడు జవాబు చెప్పుకోగలిగాడా అన్నదే చూసింది.

ఈ సంచికలో మన ముందున్న ప్రశ్న దీనికి తరువాయి వంటిది. ఆరోపణ కొలువుకు సంబంధించినది కాక, దేశభద్రతకు సంబంధించినదైతే? 'వీరు ఉగ్రవాదానికి తోడ్పడుతున్నారు' అని ప్రభుత్వమే ఒక పేరును జాబితాకెక్కిస్తే? ప్రమాదం ఊహాజనితం కాక, ఊళ్ళ మీద విరుచుకుపడుతున్న నిజమైన ప్రమాదమైనప్పుడు కూడా న్యాయస్థానం కారణాలడగవచ్చునా? లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 2008లోనూ, మనం నివసించే ఈ బస్తర్ విషయంలో మన సుప్రీంకోర్టు 2011లోనూ ఈ ప్రశ్నకు జవాబులు చెప్పాయి. రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడడం ఎంతయినా ఉపయోగకరం.

కారణం లేని శిక్ష

ముందుగా ఐరోపా సంగతి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1999లో 1267వ తీర్మానం ద్వారా తాలిబాన్‌పై ఆంక్షలు విధించింది. మరుసటి సంవత్సరం 1333వ తీర్మానంతో అవి ఒసామా బిన్ లాడెన్‌కు, అతని అనుచరులకు విస్తరించాయి. ఆ మండలికి చెందిన ఒక సంఘం అనుమానితుల జాబితాను తయారు చేస్తుంది. ఆ జాబితాలో పేరు చేరినవారి ధనాన్ని, ఆస్తులను సభ్యదేశాలన్నీ స్తంభింపజేయాలి. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై దాడులు జరిగిన పిమ్మట ఈ జాబితా త్వరత్వరగా పెరిగింది.

సౌదీ అరేబియాకు చెందిన వ్యాపారి యాసిన్ అబ్దుల్లా కాదీ పేరు 2001 అక్టోబరులో ఆ జాబితాలో చేరింది. ఐరోపా సమాజం దానిని యథాతథంగా స్వీకరించి, తన పరిధిలోని అతని ఆస్తులన్నింటినీ స్తంభింపజేసింది. అతనికి ముందుగా నోటీసు లేదు, తరువాత కారణమూ చెప్పలేదు. ఏ నేరానికీ అతనిపై అభియోగం మోపలేదు. శిక్ష పడిన ఖైదీకి విడుదల తేదీ ఒకటి ఉంటుంది. ఈ స్తంభనకు అటువంటి తేదీ కూడా లేదు.

అతడు ఐరోపా న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 2005 సెప్టెంబరు 21న కింది న్యాయస్థానం అతని వ్యాజ్యాన్ని కొట్టివేసింది. భద్రతా మండలి నిర్ణయాలకు సభ్యదేశాలన్నీ కట్టుబడవలసిందేనని, వాటిని అమలు జరిపే నిబంధనను తాము పరిశీలించడమంటే భద్రతా మండలినే బోనులో నిలబెట్టడమవుతుందని ఆ న్యాయమూర్తులు భావించారు. ఈ వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ప్రపంచ శాంతి బాధ్యత వహించే సంస్థ ఆదేశాన్ని ప్రతి దేశపు న్యాయస్థానమూ వడబోయసాగితే ఆంక్షలకు అర్థం ఏముంటుంది?

అప్పీలులో 2008 సెప్టెంబరు 3న విస్తృత ధర్మాసనం ఈ చిక్కుముడిని విప్పింది. తాము పరిశీలిస్తున్నది భద్రతా మండలి తీర్మానాన్ని కాదని, దానిని అమలు జరపడానికి ఐరోపా సమాజం చేసిన సొంత నిబంధనను మాత్రమేనని ఆ న్యాయస్థానం తేల్చింది. ఐరోపా సమాజం చట్టబద్ధపాలనపై నిలిచినది; దాని చర్యలన్నీ ప్రాథమిక హక్కులకు లోబడవలసినవే; ఏ అంతర్జాతీయ ఒప్పందమూ ఆ మూలసూత్రాన్ని తప్పించజాలదు. కనుక కాదీ విషయంలో ఆ నిబంధన చెల్లదని ప్రకటించింది.

ఈ తీర్పులో మనం జాగ్రత్తగా చదవవలసిన భాగాలు రెండున్నాయి. మొదటిది: ఆస్తులను స్తంభింపజేయడానికి ముందు నోటీసు ఇవ్వనక్కరలేదని ఆ న్యాయస్థానం అంగీకరించింది. ముందు చెబితే ధనం రాత్రికి రాత్రే సరిహద్దు దాటుతుంది గదా! అయితే స్తంభన జరిగిన పిమ్మట కారణాలు చెప్పి తీరాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నిష్పక్షపాతి అయిన న్యాయమూర్తి ముందుకు వెళ్ళే దారి ఉంచాలి. రెండవది: లోపం దిద్దుకోవడానికి ప్రభుత్వాలకు మూడు నెలల వ్యవధి ఇచ్చి, అంతవరకు స్తంభనను కొనసాగనిచ్చింది. న్యాయస్థానం ప్రభుత్వం చేతిలోని ఆయుధాన్ని లాగివేయలేదు. ఎందుకు ఎత్తారో చెప్పమని మాత్రమే అన్నది.

కథ అక్కడ ముగియలేదు. ఐరోపా కమిషన్ కారణాల సారాంశాన్ని కాదీకి పంపి, అతని జవాబును స్వీకరించి, 2008 నవంబరు 28న మళ్ళీ అతని పేరును జాబితాలో ఉంచింది. అతడు మళ్ళీ న్యాయస్థానం మెట్లెక్కాడు. 2010లో కింది న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. 2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి తన జాబితా నుండి అతని పేరును తొలగించింది. 2013 జూలై 18న తుది తీర్పు వచ్చింది. చెప్పిన కారణాలలో కనీసం ఒక్కటైనా ఆధారాలతో నిలుస్తున్నదని చూపవలసిన భారం ప్రభుత్వ పక్షానిదేనని, రహస్య సమాచారమున్నప్పటికీ న్యాయమూర్తి నుండి దానిని దాచి తీర్పు పొందజాలరని అది నిర్ధారించింది. పేరు చేరిన నాటినుండి తుది తీర్పు వరకు దాదాపు 12 సంవత్సరాలు గడిచాయి.

ఈ ఒత్తిడి ఫలితంగానే భద్రతా మండలి 2009 డిసెంబరులో 1904వ తీర్మానం ద్వారా, జాబితాలోని వారి విన్నపాలను పరిశీలించే స్వతంత్ర అధికారి పదవిని ఏర్పరచింది. ఒక వ్యాపారి వేసిన వ్యాజ్యం ప్రపంచ సంస్థ పద్ధతినే కొంత మార్చినదన్నమాట.

జాబితా మనిషిని ఎలా కట్టివేస్తుందో తెలియాలంటే యూసఫ్ నాదా ఉదంతం చాలును. ఆయన నివాసం కాంపియోనే అనే చిన్న ఇటలీ పట్టణం. దాని విస్తీర్ణం దాదాపు 1.6 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్నది స్విట్జర్లాండు భూభాగం. ఆయన పేరు జాబితాకెక్కడంతో స్విట్జర్లాండు తన భూభాగంలో అడుగు పెట్టనీయలేదు. సంవత్సరాల తరబడి, ముదిమి వయస్సులో, ఆ పెద్దమనిషికి ఆ కాస్త పట్టణమే చెరసాల అయినది. దర్యాప్తు చేసిన స్విట్జర్లాండు అధికారులే 2005లో ఆ కేసును మూసివేశారు. అయినా ఆంక్ష తొలగలేదు. చివరకు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2012 సెప్టెంబరు 12న ఆయన హక్కులకు భంగం కలిగినదని తీర్పు చెప్పింది.

మన మద్రాసు తీర్పు

ఇదంతా పాశ్చాత్య దేశాల వింత అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నిజానికి ఐరోపా 2008లో చెప్పిన మాటను మన సుప్రీంకోర్టు అంతకు 56 సంవత్సరాల మునుపే చెప్పినది.

1950 మార్చిలో మద్రాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంస్థను చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలోనే ఉండేవి. ఒక సంస్థ ప్రజాశాంతికి ప్రమాదకరమని ప్రభుత్వం 'అభిప్రాయపడితే' చాలును, గెజెట్టులో ప్రకటించి నిషేధించవచ్చునని ఆనాటి చట్టం. ఆ పత్రాలను పరిశీలించడానికి ఒక సలహా మండలి ఉన్నది గాని, న్యాయస్థానంలో ఆ అభిప్రాయాన్ని ప్రశ్నించే వీలు లేదు. సంస్థ కార్యదర్శి వి.జి. రో హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

1952 మార్చి 31న ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి వెలువరించిన తీర్పు ఆ నిబంధనను కొట్టివేసింది. సంఘాలు ఏర్పరచుకునే హక్కు 19వ అధికరణం ప్రసాదించిన ప్రాథమిక హక్కు. దానిని ప్రభుత్వపు సొంత అభిప్రాయంపై విడిచిపెట్టి, సలహా మండలి జరిపే ఏకపక్ష పరిశీలనతో సరిపెట్టడం సమంజసమైన పరిమితి కాజాలదని ధర్మాసనం నిర్ణయించింది. ప్రాథమిక హక్కుల విషయంలో న్యాయస్థానం అప్రమత్తుడైన కావలివాని వంటిదన్న భావన మన న్యాయశాస్త్రంలో ఆ తీర్పుతోనే స్థిరపడినది.

ఆ కావలివాడు ఎల్లవేళలా మేల్కొని ఉన్నాడని చెప్పజాలము. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో, నిర్బంధితుడు హెబియస్ కార్పస్ కోరరాదని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. అప్పుడు మన బస్తర్ కూడా మధ్యప్రదేశ్‌లోని జిల్లాయే. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో స్వయంగా ప్రకటించింది. ఈ నడుమ 1978 జనవరి 25న మేనకాగాంధీ కేసులో మరొక మంచి అడుగు పడింది. ప్రజాప్రయోజనం పేరిట, కారణం చెప్పకుండా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్న ఉదంతమది. వ్యక్తి స్వేచ్ఛను హరించే ఏ పద్ధతి అయినా న్యాయంగా, సమంజసంగా ఉండవలసిందేనని అప్పుడు తేలినది.

బస్తర్ తీర్పు

ఇక మన నేలకు వద్దాము. బైలదిల్లా కొండల కింద, బచేలీ, కిరందుల్‌లలో కాపురముంటున్న మనకు ఇక్కడి ప్రమాదం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. 2006 ఫిబ్రవరిలో హిరోలి వద్ద గనుల పేలుడు పదార్థాల గిడ్డంగిపై మావోయిస్టులు దాడి చేసినప్పుడు కాపలా ఉన్న సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు ఎనిమిది మంది నేలకొరిగారు. అదే సంవత్సరం జూలైలో ఎర్రబోర్ శిబిరంపై దాడిలో ముప్పై మందికి పైగా గ్రామీణులు మరణించారు. 2007 మార్చిలో రాణిబోద్లి పోలీసు శిబిరంలో 55 మంది, 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కనుక ఇక్కడ ప్రభుత్వం ఎదుర్కొన్నది కాగితపు ప్రమాదం కాదు.

ఆ ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి 2005 జూన్ నుండి సల్వాజుడుం అనే ఉద్యమం సాగింది. ఈ గోండీ మాటకు శాంతియాత్ర అని కొందరు, శుద్ధివేట అని మరికొందరు అర్థం చెబుతారు. పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలాదిమంది రహదారి వెంట శిబిరాలకు చేరారు. మరి వేలాదిమంది శబరి, గోదావరి తీరాల వైపు, నాటి ఖమ్మం జిల్లా అడవులలోకి వలస వెళ్ళారు. భద్రాచలం, చింతూరు ప్రాంతాల మన బంధువులు 'గుత్తికోయలు' అని పిలిచేది వీరినే. గిరిజన యువకులను ప్రభుత్వం స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా నియమించి, తుపాకులిచ్చి, ముందువరుసన నిలిపింది.

2007లో దీనిపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. వేసినవారు ముగ్గురు: సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, కేంద్రప్రభుత్వ కార్యదర్శిగా పనిచేసిన మన విశాఖవాసి ఇ.ఎ.ఎస్. శర్మ. న్యాయస్థానం ఆదేశంపై జాతీయ మానవహక్కుల సంఘం విచారణ జరిపి 2008లో నివేదిక సమర్పించింది. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ధర్మాసనం తీర్పు వెలువరించింది. రంగారెడ్డి జిల్లా బిడ్డ అయిన జస్టిస్ సుదర్శన్ రెడ్డి అదే వారంలో పదవీ విరమణ చేశారు.

ఆ తీర్పు మావోయిస్టుల హింసను ఎక్కడా సమర్థించలేదు. దానిని అణచవలసిన బాధ్యత రాజ్యానిదేనని స్పష్టం చేసింది. ఆ బాధ్యతను ఏ మార్గాన నెరవేర్చాలన్నదే దాని ప్రశ్న. మార్గం రాజ్యాంగబద్ధం కావాలన్నదే దాని సమాధానం.

ఈ తీర్పులో మన ఉద్యోగులను ఆలోచింపజేసే అంశం ఒకటున్నది. ధర్మాసనం ప్రధానంగా తలచుకున్నది తుపాకీ ఎదుట నిలిచినవారి హక్కులను మాత్రమే కాదు, ఆ తుపాకీ పట్టిన యువకుల హక్కులను కూడా. వారికి చదువు ఐదవ తరగతి ఉంటే చాలును. శిక్షణ రెండు నెలలు. నియామకం తాత్కాలికం. నెలకు గౌరవ వేతనం 3000 రూపాయలు. చేయవలసిన పని మాత్రం పూర్తి శిక్షణ పొందిన సాయుధ దళాలు చేసే పనే. అప్పటికే 160 మందికి పైగా స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు హతులయ్యారు. సమానులు కానివారిని సమానులుగా నిలబెట్టి అంతటి ప్రమాదంలోకి తోయడం 14వ అధికరణానికి, వారి ప్రాణాలను, వారి చేతిలో పడినవారి ప్రాణాలను అపాయంలో పడవేయడం 21వ అధికరణానికి విరుద్ధమని తీర్పు సారాంశం. కాంట్రాక్టు కార్మికునికి హెల్మెట్టు ఇవ్వకుండా గని అంచున నిలబెట్టరాదని వాదించే మనకు ఈ తర్కం సులభంగానే బోధపడుతుంది.

ఆదేశాలు సూటిగా ఉన్నాయి. మావోయిస్టు వ్యతిరేక చర్యలలో స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను ఏ రూపంలోనూ ఉపయోగించరాదు. వారికిచ్చిన తుపాకులను వెనుకకు తీసుకోవాలి. వారి నియామకానికి కేంద్రం నిధులు ఇవ్వరాదు. సల్వాజుడుం వంటి ప్రైవేటు దళాలు పనిచేయకుండా రాష్ట్రం అడ్డుకోవాలి. 2011 మార్చిలో మోరుపల్లి, తాడిమెట్ల, తిమ్మాపురం గ్రామాలలో జరిగిన ఘటనలపై సి.బి.ఐ. దర్యాప్తు జరపాలి. ఇంతటితో సరిపెట్టక, ప్రకృతి వైపరీత్యాలలో సహాయం, రాకపోకల క్రమబద్ధీకరణ వంటి పనులకు వారిని నియమించుకోవచ్చునని అనుమతించింది. ఆయుధం వదలిన ఆ యువకుల ప్రాణాలకు రక్షణ కల్పించాలని కూడా ఆజ్ఞాపించింది. తీర్పు వారిని అడవిలో ఒంటరిగా వదలివేయలేదు.

తీర్పు తరువాత

కాదీ ఉదంతంలో మూడు నెలలలోపే పేరు తిరిగి జాబితాకెక్కినది గదా! ఇక్కడ కూడా అటువంటిదే జరిగినది. 2011లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళ చట్టాన్ని చేసి, ఆ యువకులలో అర్హులను ఆ దళంలోకి తీసుకున్నది. ఇది తీర్పును ధిక్కరించడమేనని వ్యాజ్యదారులు మళ్ళీ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2025 మే 15న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ధర్మాసనం ఆ విన్నపాన్ని ముగించింది. శాసనసభ ఒక చట్టం చేయడం దానంతట అది కోర్టు ధిక్కారం కాదని, ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని భావించినచో దానిని వేరుగా ప్రశ్నించవచ్చునని చెప్పింది. ఈ ప్రాంతంలో శాంతి, పునరావాసం కల్పించవలసిన బాధ్యత రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలదేనని కూడా గుర్తు చేసింది.

అయితే ఇంతకాలపు న్యాయపోరాటం వల్ల ఒరిగినదేమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. తీర్పు వెలువడిన మాత్రాన వదలివచ్చిన పల్లెలు తిరిగి నిండలేదు. గోదావరి దాటిన కుటుంబాలలో అనేకం తిరిగి రాలేదు. న్యాయస్థానం కాలిపోయిన ఇంటిని కట్టి ఇవ్వజాలదు.

కాని ఒరిగినది కొంత ఉన్నది. కాదీకి తనపై మోపిన నిందకు కారణాలేమిటో మొదటిసారి తెలిసినది తీర్పు తరువాతనే. కారణం వెలుగులోకి వస్తేనే దానిని పరీక్షించడం సాధ్యం, పరీక్షించారు, నిలవలేదు. బస్తర్‌లోనూ, అంతవరకు గౌరవ వేతనంపై ఏ హోదా లేక నిలబడిన యువకునికి చట్టం చేత హోదా కల్పించక తప్పనిస్థితి ఏర్పడింది. అతని తుపాకీకి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు ప్రభుత్వం చట్టసభలో నిలబడి సమాధానం చెప్పవలసి వచ్చినది. ఆ సమాధానం సరియైనదా కాదా అన్నది వేరు చర్చ. జవాబుదారీ లేని అధికారం కన్న జవాబుదారీ ఉన్న అధికారం మేలు.

మన చట్టాలలోని జాబితాలు

కుటుంబాలకు ఉపయుక్తంగా ఉండగలదని నేటి చట్టస్థితిని క్లుప్తంగా చెబుతాము. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద రెండు రకాల ప్రకటనలున్నాయి. ఒక సంస్థను 'చట్టవిరుద్ధ సంస్థ'గా ప్రకటిస్తే, ఆ ప్రకటనను హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన గల ట్రిబ్యునల్ పరిశీలించి ధ్రువీకరించాలి. 'ఉగ్రవాద సంస్థ'గా షెడ్యూలులో చేరిస్తే మాత్రం, తొలగించమని మొదట కేంద్రప్రభుత్వాన్నే కోరాలి. నిరాకరిస్తే సమీక్షా సంఘానికి వెళ్ళవచ్చు. మావోయిస్టు పార్టీ 2009లో ఈ షెడ్యూలులో చేరింది. 2019 సవరణతో వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం వచ్చినది. ఐక్యరాజ్యసమితి జాబితాలోని వారి ఆస్తులను స్తంభింపజేసే అధికారం ఇదే చట్టంలోని 51ఎ సెక్షను కింద ఉన్నది. ఇది కాక ఛత్తీస్‌గఢ్‌కు 2005లో చేసిన ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం ఉన్నది. దాని కింద నిషేధించిన సంస్థ విషయాన్ని ఒక సలహా మండలి పరిశీలిస్తుంది.

ఈ ఏర్పాట్లు ఏవైనా, 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోదు. అరెస్టయిన వ్యక్తికి కారణాలు తెలపాలని, 24 గంటలలో, ప్రయాణకాలం మినహాయించి, మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని 22వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఈ నిరోధక చట్టం కింద చేసిన అరెస్టుకు సైతం కారణాలను లిఖితపూర్వకంగా ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 2024 మే 15న తీర్పు చెప్పింది. చార్జిషీటు అన్న మాటతో ఈ వ్యాసం మొదలుపెట్టినది ఇందుకే. రాతపూర్వకమైన కారణం దేశభద్రత పేరు చెప్పినా దాటవేయరానిదని ఇప్పుడు మన చట్టం అంటున్నది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సహాయం అందజేస్తుంది. అరెస్టయి నిర్బంధంలో ఉన్నవారికి, షెడ్యూల్డు తెగలవారికి ఈ సహాయం ఆదాయంతో నిమిత్తం లేకుండా లభిస్తుంది. మన ఇళ్ళలో పనికి వచ్చేవారికి, గనులకు దిగువనున్న పల్లెల వారికి ఈ ఒక్క సంగతి తెలియజెప్పినా మేలు చేసినవారమవుతాము.

కంచె, చేను

ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే ప్రభుత్వానికి న్యాయస్థానాలు అడ్డుతగులుతున్నాయన్న మాట తరచు వినవస్తుంది. ఇది బాధితుల నోట వచ్చినప్పుడు ఆ బాధను అర్థం చేసుకోవాలి. హిరోలిలో నేలకొరిగిన జవాను భార్యకు రాజ్యాంగ అధికరణాలు ఓదార్పు కాజాలవు. అయినప్పటికీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోరాదన్నది మన పెద్దలు చెప్పిన మాటే. చేనుకు కంచె అవసరం. పశువులు పడే చేనుకు మరీ అవసరం. కంచే చేను మేస్తే చెప్పుకునే చోటు కూడా అంతే అవసరం.

మద్రాసు, లక్సెంబర్గ్, బస్తర్ తీర్పులు మూడింటిలోనూ న్యాయస్థానాలు ప్రమాదాన్ని తక్కువ చేసి చూపలేదు. ప్రమాదమున్నదన్న మాట ఒక్కటే చాలదన్నాయి. ఎవరిపై, ఏ కారణాన, ఏ ఆధారంతో, ఏ చట్టం మేరకు అన్న నాలుగు ప్రశ్నలకు ప్రభుత్వం బదులు చెప్పాలన్నాయి. మన సంస్థలో ఒక సామాన్య కార్మికుడు తన చార్జిషీటు చేతబట్టుకుని అడిగే ప్రశ్నలు కూడా ఇవే. అతనికి దక్కిన ఆ మర్యాద అడవిలోని గిరిజనునికి దక్కకూడదని చెప్పగలిగే న్యాయమేదీ మన రాజ్యాంగంలో లేదు.

(వచ్చే సంచికలో: నామినేషనుకు, వారసత్వ ధ్రువపత్రానికి గల భేదం)